కొత్త ఫ్రిజ్ చెడిపోతే: హక్కు ఎవరిది, రుజువు ఎవరిది

మైలవరం చుట్టుపక్కల పల్లెల్లో ఫ్రిజ్జో వాషింగ్ మెషినో కొనాలంటే జమ్మలమడుగు పోతారు. నాలుగు కంపెనీలు చూసి బేరమాడాలనుకుంటే ప్రొద్దుటూరు పోతారు. పులివెందులలో చుట్టాలుంటే అక్కడా ఒకసారి ధర అడిగిస్తారు. కొన్నది సరిగా పనిచేయకపోతే మాత్రం ఈ మూడు ఊళ్లూ చాలవు. ముందు కంపెనీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేయాలి. అక్కడ తేలకపోతే కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు ఇవ్వాలి. ఆ తీర్పుపై అప్పీలు వినేది విజయవాడలోని రాష్ట్ర కమిషన్.

కొన్న కొద్ది వారాలకే యంత్రం మొరాయిస్తే కొన్నవాడికి ఏం రావాలన్నది పాత ప్రశ్నే. బాగుచేసి ఇస్తే చాలా? కొత్తది ఇవ్వాలా? డబ్బు వాపసు చేయాలా? చట్టాలు, తీర్పులు, వారంటీ కార్డులు, కంపెనీల నియమాలు ఈ ప్రశ్నకు తలా ఒక జవాబు చెబుతుండటంతో విషయం బాగా చిక్కుపడింది. చర్చ ఎక్కువగా పరిహారం చుట్టూ తిరుగుతోంది. అసలు ముడి దానికి ముందున్న మెట్టు మీద ఉంది. లోపం మొదటి నుంచీ ఉన్నదని ఎవరు రుజువు చేయాలి అన్నదే ఆ ముడి. అది విప్పకుండా పరిహారం గురించి ఎంత మాట్లాడినా మైలవరం కొనుగోలుదారుకు పెద్దగా ఒరిగేది లేదు.

1872 నుంచి 2019 దాకా

సరుకుల అమ్మకానికి మన దేశంలో మొదట విడిగా చట్టం లేదు. 1872 కాంట్రాక్టు చట్టంలో ఒక అధ్యాయంగా ఉండేది. బ్రిటన్ 1893లో చేసుకున్న చట్టాన్ని నమూనాగా తీసుకొని 1930లో సరుకుల అమ్మకాల చట్టం తెచ్చారు. కొనేవాడే చూసుకొని కొనాలన్నది దాని పునాది. నాణ్యత గురించి చెప్పే సెక్షన్ 16 మొదలయ్యేదే ఆ మాటతో. తరువాత మినహాయింపులు వస్తాయి. ఆ రకం సరుకు అమ్మడమే వృత్తిగా ఉన్న వ్యాపారి దగ్గర వివరాన్ని బట్టి కొన్నప్పుడు అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలి. ఫలానా పనికి కావాలని చెప్పి వ్యాపారి నేర్పు మీద ఆధారపడి కొంటే ఆ పనికి పనికిరావాలి. బిల్లు మీద ఒక్క ముక్క రాయకపోయినా ఈ షరతులు అమ్మకంలో కలిసే ఉంటాయి.

అయితే ఆ చట్టంలోనే దారులు మూసే నిబంధనలూ ఉన్నాయి. ఇరుపక్షాలు ఒప్పుకుంటే ఈ షరతులను తొలగించుకోవచ్చని సెక్షన్ 62 చెబుతుంది. సరుకును స్వీకరించాక దాన్ని తిప్పి పంపే హక్కు పోతుంది, నష్టపరిహారం అడిగే హక్కే మిగులుతుంది. వద్దని చెప్పకుండా తగినంత కాలం దగ్గర పెట్టుకున్నా స్వీకరించినట్టే లెక్క. గోనెసంచుల వ్యాపారం రోజుల్లో ఇది సబబుగానే ఉండేది. మూట విప్పితే సరుకు కనబడుతుంది. కంప్రెసర్ లోపల ఏముందో పెట్టె విప్పినా కనబడదు. పైగా అప్పట్లో ఏ గొడవైనా సివిల్ కోర్టుకే పోవాలి. అక్కడి ఖర్చు, కాలం చూసి జనం నష్టాన్ని దిగమింగి ఊరుకునేవాళ్లు.

1985లో ఐక్యరాజ్యసమితి వినియోగదారుల రక్షణకు మార్గదర్శకాలు ఆమోదించింది. మరుసటి ఏడు మన పార్లమెంటు వినియోగదారుల రక్షణ చట్టం చేసింది. 1986 డిసెంబర్ 24న దానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఆ తేదీనే జాతీయ వినియోగదారుల దినంగా జరుపుకుంటున్నాం. జిల్లా స్థాయిలో వేదిక ఏర్పడింది, వకీలు లేకుండా సొంతంగా వాదించుకునే వీలు కలిగింది. లోపం తొలగించడం, కొత్త వస్తువు ఇవ్వడం, డబ్బు వాపసు చేయడం, పరిహారం చెల్లించడం అనే ఉపశమనాలు చట్టంలోకి ఎక్కాయి.

దాని స్థానంలో తెచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20న అమల్లోకి వచ్చింది. అందులో పల్లె కొనుగోలుదారుకు అన్నిటికన్నా పనికొచ్చేది సెక్షన్ 34. పాత చట్టం కింద ఎదుటి పక్షం ఉన్నచోటో వ్యవహారం జరిగినచోటో ఫిర్యాదు చేయాల్సి వచ్చేది. ఇప్పుడు కొన్నవాడు కాపురముండే జిల్లాలోనే చేయవచ్చు. ఫోన్‌లో ఆర్డరు పెట్టి తెప్పించుకున్న మిక్సీని అమ్మినవాడు బెంగళూరులో ఉన్నా, గురుగ్రామ్‌లో ఉన్నా జవాబు చెప్పుకోవాల్సింది కడపలోనే. చెల్లించిన ధర 5 లక్షల దాకా ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు, తగిన కారణం చూపితే వీడియో ద్వారా విచారణ కోరవచ్చు. లోపం బయటపడి వ్యాజ్యానికి కారణం పుట్టిన నాటి నుంచి గడువు రెండేళ్లు.

వారంటీ కార్డు: గరిష్ఠమా, కనిష్ఠమా?

మొదటి పెద్ద భేదాభిప్రాయం ఇక్కడే. కంపెనీల వాదన సూటిగా ఉంటుంది: వారంటీ అంటే ఒప్పందం. చెడిన భాగం మార్చి ఇస్తామన్నాం, మారుస్తాం. మొత్తం యంత్రం మార్చి ఇస్తామని ఎక్కడా రాయలేదు. ఈ వాదనకు సుప్రీంకోర్టు అండ ఉంది. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో వారంటీ షరతు లోపమున్న భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో పరిమితమైనప్పుడు మొత్తం వాహనాన్ని మార్చమనడం కుదరదని కోర్టు చెప్పింది. అది కారు గొడవే అయినా గృహోపకరణాల కేసుల్లోనూ కంపెనీల వకీళ్లు దాన్ని చేతిలో పట్టుకొనే వస్తారు.

రెండో వర్గం వారంటీని కనిష్ఠంగా చూస్తుంది. కార్డు మీద ఏం అచ్చేసినా చట్టం ఇచ్చిన హక్కులు దానికి అదనంగా ఉంటాయని వారి మాట. 2019 చట్టం సెక్షన్ 39 కింద కొత్త వస్తువు ఇవ్వమనీ, ధర వాపసు చేయమనీ ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది, దానికి వారంటీ షరతుల సంకెల లేదు. ఈ చట్టం ఇతర చట్టాలకు అదనమే తప్ప వాటిని తగ్గించేది కాదని సెక్షన్ 100 చెబుతుంది కనుక 1930 నాటి షరతులూ బతికే ఉన్నాయి. 2022లో ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కేసులో హ్యుందాయ్ కంపెనీ వాహనాన్ని మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు సమర్థించడం ఈ వర్గానికి బలం.

రెండు తీర్పులూ నిలిచే ఉన్నాయి. 2006 నాటిది ఒప్పంద వాక్యాన్ని చదివింది, 2022 నాటిది కొన్నవాడు ఏ భద్రత ఆశించి కొన్నాడో చూసింది. ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషిన్ విషయంలో రెండో దారే న్యాయమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. వారంటీ కార్డు రాసేది కంపెనీ ఒక్కటే. అందులో ఒక్క అక్షరం మార్చమని అడిగే శక్తి కొనేవాడికి లేదు. పదేళ్ల కంప్రెసర్ వారంటీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. గ్యాస్, కూలి, మెకానిక్ వచ్చి చూసిన చార్జీ అందులోకి రావని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాంటి కాగితాన్ని ఇద్దరూ కూర్చొని రాసుకున్న ఒప్పందంగా చదవడం సరికాదు.

అన్యాయమైన ఒప్పంద షరతులను రద్దుచేసే అధికారాన్ని 2019 చట్టం కొత్తగా ఇచ్చింది. కానీ జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు. రాష్ట్ర కమిషన్‌తో మొదలుపెట్టింది. అంటే 20 వేల రూపాయల ఫ్రిజ్ వారంటీలోని ఒక షరతు అన్యాయమని కొట్టేయించాలంటే మైలవరం మనిషి విజయవాడ తలుపు తట్టాలి. ఇంత చిన్న కొనుగోలుకు ఇంత దూరం పెట్టడం ఆ చట్టంలో పెద్ద లోటు.

అంగడా, కంపెనీయా?

డీలర్లు చెప్పేదాన్ని తోసిపుచ్చలేం. సీలు వేసిన పెట్టె వచ్చింది, సీలుతోనే ఇచ్చాం, లోపల ఏముందో మాకేం తెలుసు అంటారు. లాభం కొద్దిపాటిదే, ఒక్క ఏసీ వాపసు తీసుకుంటే పది అమ్మిన లాభం పోతుందన్నది చిన్న ఊళ్ల షాపుల వాళ్ల బాధ. కంపెనీలు మరోవైపు డీలరు చేసిన బిగింపు పనికి మేం ఎందుకు బాధ్యులమని అడుగుతాయి. మధ్యలో కొన్నవాడు బంతిలా ఇటూ అటూ తిరుగుతాడు.

చట్టం ప్రకారం అమ్మకం జరిగింది అంగడితో కనుక మొదటి జవాబుదారీ అంగడిదే. ఫిర్యాదులో డీలరునూ కంపెనీనీ ఇద్దరినీ చేర్చవచ్చు, ఇద్దరినీ కలిపి బాధ్యులను చేసే ఆదేశాలు కమిషన్లు ఇస్తుంటాయి. “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని బిల్లు మీద ముద్ర ఉన్నా భయపడనక్కరలేదు. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, అలా ఏదీ చెప్పకపోతే 30 రోజుల్లో, వాపసు తీసుకొని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టం సెక్షన్ 2(47) అంటుంది. బిల్లు ఇవ్వకపోవడమూ అదే కోవలోకి వస్తుంది. జీఎస్టీ తగ్గించి ఇస్తామంటే బిల్లు వదులుకునే అలవాటు ఈ రక్షణ మొత్తాన్నీ నీరుగారుస్తుంది.

ఆన్‌లైన్ కొనుగోళ్లకు 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి, లోపమున్న సరుకును వాపసు తీసుకోనని అమ్మకందారు అనకూడదు. తమది వేదిక మాత్రమే, సరుకుతో సంబంధం లేదని చెప్పుకునే సంస్థలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో గట్టి జవాబు చెప్పింది. తప్పనిసరి నాణ్యతా ప్రమాణాలు పాటించని ప్రెషర్ కుక్కర్లు తమ వేదిక మీద అమ్ముడుపోనిచ్చినందుకు అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసి, అమ్ముడైన 2,265 కుక్కర్లను వాపసు తీసుకొని డబ్బు తిరిగి ఇమ్మంది. ఫ్లిప్‌కార్ట్ మీదా ఇలాంటి ఆదేశమే వచ్చింది.

ఉత్పత్తి బాధ్యత పేరుతో 2019 చట్టంలో చేరిన అధ్యాయం గురించి చాలా ప్రచారం జరిగింది. అది దేనికి వర్తిస్తుందో తెలుసుకోవాలి. గీజర్ పేలి మనిషికి గాయమైతే, షార్ట్ సర్క్యూట్‌తో ఇల్లు కాలితే ఆ అధ్యాయం పనిచేస్తుంది. గీజర్ తనంతట తాను పాడైతే పనిచేయదు. వస్తువుకే కలిగిన నష్టాన్ని హాని నిర్వచనం నుంచి చట్టమే మినహాయించింది. పాడైన ఫ్రిజ్‌కు పాత దారే గతి.

రుజువు ఎవరి మీద?

ఇప్పుడు అసలు ముడి. మన చట్టంలో లోపాన్ని రుజువు చేయాల్సింది ఫిర్యాదుదారే. సేవాలోపం రుజువు చేసే భారం ఫిర్యాదుదారు మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో మళ్లీ చెప్పింది. ఫ్యాక్టరీ నుంచే వచ్చిన లోపమని చూపాలంటే నిపుణుడి నివేదిక కావాలని కంపెనీలు పట్టుబడతాయి. పరీక్ష లేకుండా తేల్చలేని లోపమైతే వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం సెక్షన్ 38 కింద కమిషన్‌కు ఉంది, 45 రోజుల్లో నివేదిక రావాలి. కానీ ఆ పరీక్ష ఫీజు ముందుగా కట్టమని ఫిర్యాదుదారునే అడగవచ్చు. ఫ్రిజ్ లాంటి బరువైన వస్తువును ప్రయోగశాల దాకా చేర్చడం మరో ఖర్చు. తీరా అంతా చేశాక ఇంట్లో జరిగిన వాడకం వల్లే చెడిందన్న వాదన మిగిలే ఉంటుంది.

నిపుణుడి నివేదిక లేకుండానే లోపం రుజువవుతుందని చెప్పే ఆదేశాలకూ కొదవ లేదు. మళ్లీ మళ్లీ వచ్చిన ఫిర్యాదులు, మళ్లీ మళ్లీ మార్చిన భాగాలే లోపానికి సాక్ష్యమని అవి అంటాయి. ఇక్కడే టెక్నీషియన్ రాసే జాబ్ షీటుకు ఎక్కడ లేని విలువ వస్తుంది. ఆయన ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టించుకుంటాడు. ఇప్పుడైతే కంప్లైంట్ ముగించడానికి ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పమంటారు. ఆ నాలుగు అంకెలు చెప్పగానే పని తృప్తిగా పూర్తయినట్టు కంపెనీ రికార్డుకెక్కుతుంది. యంత్రం మళ్లీ రెండు రోజులకే ఆగిపోయినా పాత కంప్లైంట్ పరిష్కారమైనట్టే ఉంటుంది. కొన్నవాడి సాక్ష్యం అంతా ఎదుటి పక్షం కంప్యూటర్‌లో, ఎదుటి పక్షం మాటల్లో తయారవుతోంది. జాబ్ షీటు నకలు తీసుకోవడం, సమస్య తీరకుండా ఓటీపీ చెప్పకపోవడం, చెడిన తీరును ఫోన్‌లో వీడియో తీసి ఉంచడం ఇప్పటికి కొనుగోలుదారు చేతిలో ఉన్న ఆయుధాలు.

ఇతర దేశాలు ఈ ముడిని విప్పిన తీరు చూడదగ్గది. బ్రిటన్ 2015 వినియోగదారుల హక్కుల చట్టంలో మొదటి 30 రోజుల్లో లోపం బయటపడితే వస్తువు తిప్పి ఇచ్చి పూర్తి డబ్బు తీసుకోవచ్చు. ఆ 30 రోజులు దాటాక ఒకసారి బాగుచేసేందుకో మార్చేందుకో అమ్మకందారుకు అవకాశం ఇవ్వాలి. అదీ విఫలమైతే ధర తగ్గింపో వాపసో. మొదటి 6 నెలల్లో బయటపడిన లోపం అమ్మిన నాడే ఉన్నట్టు చట్టం భావిస్తుంది, కాదని చూపాల్సింది అమ్మకందారు. అక్కడా తిరస్కరించే తొలి 30 రోజుల హక్కుకు ఈ ఊహ వర్తించదు, ఆ దశలో కొన్నవాడే లోపం చూపాలి. యూరోపియన్ యూనియన్ 2019 ఆదేశం ప్రకారం అమ్మకందారు బాధ్యత రెండేళ్లు, రుజువు భారం కనీసం మొదటి ఏడాది అమ్మకందారు మీదే. సింగపూర్ 2012లో 6 నెలల ఊహను అన్ని రకాల వినియోగ వస్తువులకూ తెచ్చింది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం వారంటీ షరతులను స్పష్టంగా రాయమంటుంది. పదేపదే చెడే కొత్త వస్తువు కొన్నవాళ్లను కాపాడే లెమన్ చట్టాలు, అక్కడి తెలుగువాళ్ల నోట తరచూ వినిపించేవి, ప్రధానంగా కార్లకు సంబంధించినవి.

కొన్న 6 నెలల లోపు లోపం బయటపడితే అది మొదటి నుంచీ ఉన్నదేనని భావించే ఒక్క నిబంధన మన చట్టంలో లేదు. ఇది చేరిస్తే నిజాయితీ లేని ఫిర్యాదులు పెరుగుతాయని తయారీదారుల భయం. దురుపయోగం జరిగిందని చూపే హక్కు వాళ్లకు ఎలాగూ ఉంటుంది, చూపగలిగే సాధనాలు, నిపుణులు వాళ్ల దగ్గరే ఉన్నారు. యంత్రం లోపలి సంగతి తెలిసినవాడి మీదే రుజువు భారం పెట్టడంలో అన్యాయం ఏమీ లేదు.

గడువులు, అప్పులు, అంగడి ఫ్రిజ్‌లు

పరీక్ష అవసరం లేని కేసును 3 నెలల్లో, అవసరమైనదాన్ని 5 నెలల్లో ముగించేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ప్రయత్నించాలి అన్నదే మాట. ఎదుటి పక్షం జవాబుకు 30 రోజులు, పొడిగిస్తే మరో 15, అంతకు మించి లేదని రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. అయినా కమిషన్లలో అధ్యక్షులు, సభ్యుల ఖాళీలు నింపకపోవడం ఎంత దాకా వెళ్లిందంటే 2021లో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టాల్సి వచ్చింది. అందువల్ల ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయడం మంచిది. కమిషన్ దాకా పోకుండానే కంపెనీ దిగివచ్చే సందర్భాలు ఉంటాయి, దిగిరాకపోయినా తేదీతో సహా ఒక రికార్డు మిగులుతుంది.

వారంటీ కొన్న రోజు నుంచి మొదలవ్వాలా, బిగించిన రోజు నుంచా అన్నది మరో తగాదా. బిగించిన రోజు నుంచి లెక్కించమని కేంద్ర వినియోగదారుల శాఖ కంపెనీలను కోరింది. కోరడం వేరు, నియమం వేరు.

ఈఎంఐ సంగతి ఎవరికీ పట్టలేదు. ఫ్రిజ్ మూలన పడినా నెలనెలా వాయిదా కట్టాల్సిందే. అప్పిచ్చిన సంస్థ అమ్మకంతో తనకు సంబంధం లేదంటుంది, షోరూంలో అదే బల్ల దగ్గర కూర్చొని కాగితాలు రాయించుకున్నా సరే. బ్రిటన్ 1974 చట్టం సెక్షన్ 75 కింద 100 పౌండ్లు దాటిన కొనుగోళ్లలో అమ్మకందారుతో పాటు అప్పిచ్చినవాడూ జవాబుదారే. మన దగ్గర అలాంటి లంకె లేదు.

ప్రొద్దుటూరులో కిరాణా అంగడిలోనో టిఫిన్ సెంటర్‌లోనో పెట్టిన ఫ్రిజ్ చెడితే వాణిజ్య అవసరం కోసం కొన్నావు, నువ్వు వినియోగదారువే కావు అని కంపెనీ అభ్యంతరం చెబుతుంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ కేసు నుంచీ సూత్రం ఒకటే: స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం తానే వాడుకునే వస్తువైతే వినియోగదారే. గ్రైండర్ పెట్టుకొని ఇంటి ముందు దోసెలు వేసే ఆమె వినియోగదారే. పది మంది పనివాళ్లున్న హోటల్‌కు కష్టం. మధ్యలో ఉన్నవాళ్ల సంగతి కేసు కేసుకూ మారుతుంది.

కరెంటు మీద నెట్టేసే మాట

రాయలసీమ పల్లెల్లో కంపెనీ మెకానిక్ నోట ముందుగా వచ్చే మాట వోల్టేజీ. ఎక్కువ తక్కువల వల్ల బోర్డు కాలింది, వారంటీ వర్తించదు అంటాడు. చాలా ఫిర్యాదులకు అక్కడే తెరపడుతుంది. ఈ మాటను ఎలా ఎదుర్కోవాలన్న దాని మీద తీర్పుల్లో గానీ వ్యాసాల్లో గానీ సరైన చర్చ జరగలేదు.

అది నిజమైతే బాధ్యత దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థది. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004 సేవా ప్రమాణాల ప్రకారం లో టెన్షన్ సరఫరాలో వోల్టేజీ 6 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదు. 230 వోల్టులు అనుకుంటే 216 నుంచి 244 మధ్య ఉండాలి. విద్యుత్ సరఫరాను కూడా వినియోగదారుల రక్షణ చట్టం సేవగానే చూస్తుంది. కనుక ఫిర్యాదులో అంగడి, కంపెనీలతో పాటు పంపిణీ సంస్థనూ చేర్చవచ్చు. అప్పుడు మెకానిక్ మాట గాలికి పోకుండా ఎదురుగా ఉన్నవాళ్లు దానికి బదులు చెప్పుకోవాల్సి వస్తుంది.

అది నిజం కాకపోతే కంపెనీ తన ప్రకటనకే కట్టుబడాలి. స్టెబిలైజర్ అక్కర్లేదని, ఇన్ని వోల్టుల నుంచి ఇన్ని వోల్టుల దాకా నడుస్తుందని తలుపు మీద స్టిక్కర్ అంటించి అమ్మిన ఫ్రిజ్‌కు వోల్టేజీ సాకు చెప్పడం తప్పుదారి పట్టించే ప్రకటన కిందికి రావాలి. ఆ స్టిక్కర్‌ను పీకేయకుండా ఫోటో తీసి ఉంచుకోవడం ఎంత అవసరమో కొన్న రోజున ఎవరూ చెప్పరు.

ఆ రోజు ఆ ఇంట్లో వోల్టేజీ ఎంత ఉన్నదన్న లెక్క మాత్రం ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదు. మెకానిక్ వచ్చిన పూట మీటరు పెట్టి చూసినదే ప్రమాణం. స్మార్ట్ మీటర్లు వోల్టేజీని సమయంతో సహా నమోదు చేయగలవు. అవి బిగించిన ఇళ్లలో ఈ తగాదాకు మొదటిసారి అంకెలతో జవాబు దొరికే వీలుంది. ఆ అంకెలు మాత్రం పంపిణీ సంస్థ దగ్గరే ఉంటాయి, ఆ సంస్థే రేపు ప్రతివాది కావచ్చు. వాటి నకలు అడిగిన వినియోగదారుకు ఎన్ని రోజుల్లో, ఏ ఫీజుతో ఇవ్వాలో నియమం రాయాల్సింది నియంత్రణ మండలి.